ఎమ్మెల్యే గారికి: పిల్ల కాలువ మీద ఆ రోజు మీరిచ్చిన జవాబు ఏమైందన్నా?

అన్నా, నమస్కారం.

2024 ఎన్నికల ప్రచారంలో మా ఊరికి వచ్చి, అరుగు మీద జనం మధ్యన కూర్చుని, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పిన అభ్యర్థి మీరొక్కరే. మిగతావాళ్లు బండి దిగకుండానే దండం పెట్టి పోయారు. మీరు మైకు పక్కన పెట్టించి, అడగండి, ఏమైనా అడగండి అన్నారు. పంట బీమా అడిగాం, విత్తనక్కాయలు అదను దాటకముందే ఇప్పిస్తారా అని అడిగాం, కాలేజీకి పోయే ఆడపిల్లలకు పొద్దున పూట బస్సు అడిగాం. ఎవరినీ కసురుకోలేదు, ఎవరి మాటా మధ్యలో తుంచలేదు. పార్టీ చూడకుండా మా ఊళ్లో చాలామంది మీకు ఓటేసింది అందుకే. మా ఇంట్లో ఓట్లన్నీ మీకే పడ్డాయి.

ఇన్ని ప్రశ్నల్లో ఒక్కదాని గురించే ఈ లేఖ. కృష్ణా నీళ్లు సీమకు తెచ్చే హంద్రీ-నీవా మెయిన్ కాలువ నుంచి మా చేలకు నీళ్లు మళ్లించే పిల్ల కాలువ ఎప్పుడు తవ్వుతారని మా నాయన అడిగారు. "మెయిన్ కాలువ మీ చేను పక్కనే పోతాంది కదా పెద్దాయనా, పిల్ల కాలువ ఎంతసేపు, గెలిచిన ఏడాదిలోపు నీళ్లు పారిస్తా" అన్నారు మీరు. ఆ మాట మేము కల్పించింది కాదు, ఊళ్లో సగం మంది ఫోన్లలో ఆ వీడియో ఇప్పటికీ ఉంది. ఏడాది దాటిపోయింది. అర్జీలు ఇచ్చాం, మీ ఆఫీసుకు వచ్చాం, మీ పీఏ గారు "సార్ దృష్టిలో ఉంది" అన్నారు. సోమవారం గ్రీవెన్స్‌కు పోయి ఇచ్చిన అర్జీకైతే కొన్నాళ్లకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది అని. ఆ మెసేజ్ మా నాయనకు చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదన్నా.

శ్రీశైలం వెనక నీళ్ల నుంచి మాల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు రాగులపాడు లిఫ్టు దాటి మన జీడిపల్లి రిజర్వాయరుకు చేరింది 2012లో. ఆ రోజు గట్టు మీద నిలబడి పూజ చేసినవాళ్లలో మా ఊరివాళ్లూ ఉన్నారు. హంద్రీ-నీవా మొదటి దశ కింద మన ఉమ్మడి అనంతపురం జిల్లాకు 1.18 లక్షల ఎకరాల ఆయకట్టు అన్నారు. ఆ లెక్కలో మా చేను సర్వే నంబరు కూడా ఉంది. నీళ్లు మాత్రం ఏటా మా కళ్ల ముందే సాగిపోతున్నాయి. కింద చెరువులు నిండాలి, కిందివాళ్లూ రైతులే, వాళ్లకు నీళ్లు పోవద్దని మేము ఎప్పుడూ అనలేదు, అనం కూడా. ప్రధాన కాలువను 3,850 క్యూసెక్కులకు వెడల్పు చేసి 2025 జులైలో నీళ్లు వదిలారు. మంచి పని, సంతోషించాం. కానీ కాలువ వెడల్పయ్యే కొద్దీ దాని పక్కనే బోరు ఎండిపోయి కూర్చున్నవాడి కడుపు ఎంత మండుతుందో మీరు ఒక్కసారి ఆలోచించండి.

మా చేనికి వచ్చి చూడండి. ఎప్పుడో కాంట్రాక్టరు మనుషులు వచ్చి, చేను నడిమధ్య సిమెంటు తూము ఒకటి కట్టి పోయారు. దానికి ఇటు కాలువ లేదు, అటు కాలువ లేదు. షట్టరు బిగించాల్సిన గాడిలో కంపచెట్టు మొలిచి మనిషెత్తు పెరిగింది. సేద్యం చేసేటప్పుడు ట్రాక్టరు ఆ తూము చుట్టూ తిప్పుకోవాలి, చుట్టూ ఉన్న ఆ కాస్త నేల ఏటా బీడే. పైన మా పెదనాయన పొలంలో కొంత దూరం కాలువ తవ్వి వదిలేశారు, వానొస్తే అది మడుగై బుడ్డల (వేరుశనగ) చెట్లు కుళ్లిపోతాయి. పోయిన భూమికి పరిహారం పూర్తిగా అందలేదు. అమ్ముకుందామన్నా కాలువ కోసం సర్వే రాళ్లు పాతిన పొలం చూసి ఎవరూ ముందుకు రావడం లేదు.

డబ్బున్న రైతులు కాలువలో మోటర్లు దించి, దూరం దూరం పైపులు వేసుకుని చీనీ (బత్తాయి) తోటలు కాపాడుకుంటున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను, చెట్టు చచ్చిపోతుంటే ఎవరైనా అదే చేస్తారు. మాలాంటి నాలుగెకరాల వాళ్లం అప్పు చేసి ఇంజను పెడితే మాత్రం అధికారులు పోలీసులను వెంటేసుకొచ్చి పైపులు పీకించారు. హక్కుగా రావాల్సిన నీటిని దొంగల మాదిరి రాత్రిపూట తోడుకోవాల్సిన గతి ఎందుకు పట్టిందన్నా మాకు? పిల్ల కాలువ ఉంటే ఎవరి వంతు వాళ్లకు వచ్చేది, ఈ గొడవే ఉండేది కాదు కదా.

నిధులు లేవా? లేవని చెప్పండి. భూసేకరణ దగ్గర ఆగిందా? ఏ ఊరి దగ్గర, ఎవరి పొలం దగ్గర ఆగిందో చెప్పండి, మేమే పోయి ఆ రైతులతో మాట్లాడతాం, వాళ్లు మా బంధువులే. అసలు ఈ పిల్ల కాలువలు ఇక తవ్వరు, చెరువులు నింపడంతో సరి అని పైన తేల్చేశారా? అదైనా చెప్పండి. మా నాయన ప్రతి ఏడూ ఈసారి నీళ్లొస్తాయేమో అని కొత్త బోరు వేయకుండా ఆగుతున్నారు. ఆగిన ప్రతిసారీ వానలు మోసం చేస్తే పెట్టుబడి కూడా చేతికి రావడం లేదు. రాదని తెలిస్తే ఆయన దారి ఆయన చూసుకుంటారు.

మీరు మాట మార్చే మనిషని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. అందుకే పత్రికలకు ఎక్కకుండా ముందు మీకే రాస్తున్నా. ఒక్క రోజు మా ఊరికి రండి. ఇంజనీరు గారిని, కాలువ మ్యాపును వెంట తీసుకుని రండి. కాంట్రాక్టుకు ఇచ్చిన ఏ ప్యాకేజీ పని ఎక్కడ ఆగింది, ఎప్పుడు మొదలవుతుంది, మా పరిహారం ఏ టేబుల్ మీద ఉంది, ఈ మూడూ అందరి ముందూ చెప్పండి. వీలుకాకపోతే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపండి. ఖరీఫ్ విత్తనం వేసేలోపు ఆ జవాబు మాకు కావాలి. బీమా సంగతి, బస్సు సంగతి ఆ తర్వాత అడుగుతాం.

ఇట్లు,
అనంతపురం జిల్లా నుంచి,
మీకు ఓటేసిన ఒక రైతు కొడుకు