ఫొటో కింద ‘ఇంటర్నెట్ సౌజన్యం’ అంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

సంస్థల సావనీర్లలో, ప్రత్యేక సంచికల్లో, పుస్తకాల అట్టల మీద వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫొటోల వెబ్‌సైటు నుంచి తీసుకున్న ఫొటోలు తరచుగా కనిపిస్తున్నాయి. పది మందీ వాడుకోవాలనే వాటిని అక్కడ ఉంచారు కాబట్టి ఇది సంతోషించవలసిన విషయమే. అయితే వాటి కింద ‘ఇంటర్నెట్ సౌజన్యం’ అని వేసి ఊరుకోవడమో, అసలేమీ వేయకపోవడమో బాధ కలిగిస్తున్నది.

ఆ ఫొటోల్లో చాలా వాటికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంటుంది. కాపీరైటు ఫొటో తీసినవారిదే. కొన్ని షరతులకు లోబడి వాడుకోవడానికి వారు అందరికీ ముందే అనుమతి ఇచ్చారు. ఫొటో తీసినవారి పేరు, లైసెన్సు పేరు, వాటి లింకులు ఇవ్వాలి. కత్తిరించినా, రంగులు మార్చినా ఆ సంగతి చెప్పాలి. ఇదంతా చిన్న అక్షరాల్లో ఒకటి రెండు వరుసలకు మించదు. షరతు తప్పితే అనుమతి రద్దయి, 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం అది ఉల్లంఘన కిందికి వస్తుంది. ఈ లైసెన్సుల 4.0 వెర్షన్‌లో మాత్రం, తప్పు తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దుకున్నవారికి అనుమతి దానంతటదే తిరిగి వస్తుంది.

పిల్లల కథల విషయంలో ఈ అవకాశం మరీ పెద్దది. ప్రథమ్ బుక్స్ ప్రచురణ సంస్థ 2015లో ప్రారంభించిన పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లోని కథలను, వాటిలో తెలుగు కథలూ ఉన్నాయి, బడులు అచ్చు వేసుకోవచ్చు, కొత్తగా అనువదించుకోవచ్చు, ముద్రించి అమ్ముకోవచ్చు కూడా. రచయిత పేరు వేసి బొమ్మలు గీసినవారినీ, అనువదించినవారినీ వదిలేయడం మాత్రం అన్యాయం, ఎందుకంటే చదవడం ఇంకా రాని పిల్లవాడికి ఆ కథ చెప్పేది బొమ్మలే.

వికీపీడియా వ్యాసాలకు మరొక షరతు ఉంది. ఇంగ్లీషు వ్యాసాన్ని తెనిగించి పుస్తకంలో చేర్చినవారు ఆ అనువాదాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. పుస్తకంలోని మిగతా స్వతంత్ర రచనలకు ఆ నిబంధన వర్తించదు. వ్యాపారానికి వాడరాదనీ, మార్పులు చేయరాదనీ చెప్పే లైసెన్సులు కూడా వేరే ఉన్నాయి కనుక, ప్రతి ఫొటోకూ ప్రతి రచనకూ దాని లైసెన్సు ఏమిటో విడిగా చూసుకోవాలి.

మీ పత్రికలో ఇటువంటి ఫొటో వాడినప్పుడల్లా ఈ వివరాలన్నీ దాని కిందనే ముద్రించవలసిందిగా కోరుతున్నాను. సావనీర్లు వేసే చిన్న సంస్థలు పత్రికలను చూసే నేర్చుకుంటాయి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, తెనాలి