ఆటలకు ఒకే దుకాణం కాదు, కొన్నవారికి హక్కు కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. వీడియో గేములన్నీ ఒకే డిజిటల్ దుకాణంలో దొరికితే బాగుంటుందన్న అభిప్రాయం ఆడేవారిలో చాలామందికి ఉంది. ఆ కోరిక వెనక నిజమైన ఇబ్బంది ఉంది. ఒకే కంప్యూటరులో కొన్ని ఆటలు స్టీమ్ అనే డిజిటల్ దుకాణంలో, కొన్ని ఎపిక్ స్టోర్‌లో, మరికొన్ని ఇంకొక చోట ఉంటాయి. ప్రతి దానికీ వేరే ఖాతా, వేరే పాస్‌వర్డు. ప్లేస్టేషన్ అనే గేమింగ్ యంత్రంలో కొన్న ఆటనే కంప్యూటరులో ఆడాలంటే చాలా సందర్భాల్లో మళ్లీ డబ్బు కట్టవలసిందే. అయినా దీనికి మందు ఒకే దుకాణం కాదని నా దృఢమైన అభిప్రాయం.

ఒకే దుకాణం ఉంటే ఏమవుతుందో ఐఫోన్ వాడేవారు ఇప్పటికే చూశారు. 2020 ఆగస్టులో ఎపిక్ సంస్థ తన ఫోర్ట్‌నైట్ ఆటలో ఆపిల్‌ను తప్పించి నేరుగా డబ్బు కట్టించుకోవడం మొదలుపెట్టగానే, ఆపిల్ ఆ ఆటను యాప్ స్టోర్ నుంచి తొలగించింది. ఆ తగాదాతో ఏ సంబంధమూ లేని ఆటగాళ్లు ఏళ్ల తరబడి నష్టపోయారు. 2024లో ఐరోపా సమాఖ్య చట్టం అమలులోకి వచ్చాక గానీ అక్కడి ఐఫోన్లలోకి వేరే దుకాణాలు అడుగుపెట్టలేకపోయాయి. ఆండ్రాయిడ్‌లో వేరే దారులున్నా పెత్తనం ప్లే స్టోర్‌దే. ఆ దుకాణంలో తన చెల్లింపు పద్ధతినే వాడి తీరాలన్న గూగుల్ నిబంధనపై మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో రూ.936.44 కోట్ల జరిమానా వేసింది. అప్పీలు ట్రిబ్యునల్ 2025లో ఆ మొత్తాన్ని బాగా తగ్గించింది గానీ ఆరోపణలన్నిటినీ కొట్టివేయలేదు.

దుకాణాలు ఆట తయారీదారుల నుంచి తీసుకునే కమీషన్ సంగతి కూడా చూడాలి. 2003లో మొదలైన స్టీమ్ అమ్మకాల్లో 30 శాతం తీసుకోవడం చాలాకాలం మారని ఆనవాయితీ. 2018 డిసెంబరులో ఎపిక్ 12 శాతానికే దుకాణం తెరిచింది. దానికి కొద్దిరోజుల ముందే స్టీమ్ కోటి డాలర్లు దాటిన అమ్మకాలపై 25 శాతానికి, 5 కోట్ల డాలర్లు దాటితే 20 శాతానికి దిగివచ్చింది. పెద్ద సంస్థలకే దక్కిన ఆ తగ్గింపు చిన్న స్టూడియోలకు న్యాయం చేయలేదు; పోటీ అన్నదే లేకపోతే ఆ మాత్రం కదలిక కూడా ఉండేది కాదని నేను నమ్ముతున్నాను.

దుకాణాల సంఖ్య కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి ఉంది: మనం డబ్బు పెట్టి కొన్నది మనది కాకపోవడం. నింటెండో 2023 మార్చిలో వీ యూ, త్రీడీఎస్ అనే తన గేమింగ్ యంత్రాల దుకాణాన్ని, మైక్రోసాఫ్ట్ 2024 జులైలో ఎక్స్‌బాక్స్ 360 దుకాణాన్ని మూసివేశాయి. ఆటలు తయారుచేసే యూబీసాఫ్ట్ సంస్థ మరింత దూరం వెళ్లింది: ‘ద క్రూ’ ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపివేసి, ఆ తరువాత డబ్బు కట్టి కొన్నవారి ఖాతాల నుంచే ఆ ఆట లైసెన్సును తొలగించింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది. ఇంతటి వినోద సంపదను ఒకే కంపెనీ చేతిలో పెడితే, అది తలుపు మూసిన రోజున వెళ్లడానికి ఇంకో గడప ఉండదు.

కాబట్టి కొనుగోలు రికార్డును దుకాణం నుంచి విడదీయాలి. ఆట ఎక్కడ కొన్నా ఆ హక్కు కొన్నవారి పేర నమోదై, వేరే దుకాణంలోనూ చెల్లుబాటు కావాలి. ఇది గాలిలో మేడ కాదు. అమెరికాలో 2017 నుంచి మూవీస్ ఎనీవేర్ అనే సేవ ద్వారా, అందులో చేరిన స్టూడియోల సినిమాను ఒక దుకాణంలో కొని మరో దుకాణంలో చూడవచ్చు. అయితే అంతకుముందు ఇదే ఉద్దేశంతో వచ్చిన అల్ట్రావయొలెట్‌లో డిస్నీ చేరలేదు. అది 2019లో మూతపడింది. కంపెనీల ఇష్టానికి వదిలిపెడితే ఏమవుతుందో దాన్నిబట్టి తెలుస్తోంది. మన దేశంలో నంబరు మార్చకుండా నెట్‌వర్కు మార్చుకునే సదుపాయం 2011 జనవరిలో అందరికీ అందిందంటే, అది టెలికాం కంపెనీలు దయతలచి ఇచ్చినది కాదు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు పెట్టి అమలు చేయించినది.

డిజిటల్ ఉత్పత్తులకూ వర్తించే ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనలు మనకు 2020 నుంచి ఉన్నాయి. అమ్ముతున్నది ఆటనా, ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల లైసెన్సునా అన్నది డబ్బు కట్టకముందే స్పష్టంగా చెప్పాలన్న నియమాన్ని వాటిలో చేర్చాలి; కాలిఫోర్నియాలో ఇటువంటి చట్టం 2025 జనవరి నుంచి అమలులో ఉంది. దుకాణం మూసే సంస్థ, కొన్నవారు తమ ఆటలను మరోచోటికి మార్చుకోవడానికి దారి చూపాలని, అది సాధ్యం కాకపోతే డబ్బు వాపసు ఇవ్వాలని కూడా అందులో రాయాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ సవరణల ముసాయిదాను ప్రజల ముందు పెట్టి, ఆటగాళ్ల నుంచి, చిన్న స్టూడియోల నుంచి అభిప్రాయాలు కోరాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, వరంగల్