కొబ్బరి మొక్కకు తండ్రి ఎవరో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

కొబ్బరి మొక్కల ఎంపిక మీద వ్యవసాయ పేజీల్లో ఏం వచ్చినా దాదాపు ఒకటే మాట ఉంటుంది, బాగా కాసే తల్లి చెట్టు చూసి విత్తనకాయ తీసుకోండి అని. ఆ మాట తప్పు కాదు, కానీ సగమే. ఆ కాయకు తండ్రి ఎవరో ఎవరూ అడగరు, ఎవరూ రాయరు. పొడవు రకం కొబ్బరిలో తండ్రి అంటే గాలికి కొట్టుకొచ్చిందో, తేనెటీగ కాళ్లకు అంటుకుని వచ్చిందో తెలియని పుప్పొడి, అది పక్క చెట్టుదా, నాలుగు చెట్ల అవతలిదా అన్నది కూడా చెప్పలేం. మొక్కలో ఉండే క్రోమోజోములు 32, వాటిలో 16 తల్లి ఇచ్చినవి, 16 ఆ తెలియని తండ్రి ఇచ్చినవి. సగం వారసత్వం సంగతి తెలుసుకోకుండా, దశాబ్దాల పాటు మన నేలలో నిలబడాల్సిన చెట్టును నాటేస్తున్నాం. నా బాధంతా ఇదే, మీ పత్రిక ద్వారా పదిమందికీ తెలియాలని రాస్తున్నాను.

కొబ్బరి పూగుత్తిని దగ్గరగా చూస్తే విషయం సులువుగా అర్థమవుతుంది. ఒకే గుత్తిలో మగపూలూ ఆడపూలూ రెండూ ఉంటాయి. రెమ్మ మొదట్లో బొత్తాల్లా గుండ్రంగా ఉండేవి ఆడవి, వాటిపైన చివరిదాకా లెక్కలేనన్ని ఉండే చిన్నవి మగవి. పొడవు రకంలో మగపూలు ముందు విచ్చుకుని రాలిపోతాయి, ఆ తర్వాత గానీ ఆడపూలు పుప్పొడి అందుకోడానికి సిద్ధం కావు, కాబట్టి ఒకే గుత్తిలోని పుప్పొడి ఆ గుత్తికి సాధారణంగా అందదు, వేరే చెట్టు నుంచి రావాలి. పొట్టి రకాల్లో ఈ రెండు దశలూ చాలావరకు ఒకేసారి నడుస్తాయి కనుక ఎక్కువగా తన పుప్పొడితో తనే ఫలదీకరణ చెందుతుంది. అందుకే పొట్టి రకాల పిల్లలు తల్లిని అచ్చు దించినట్టు ఉంటాయి, పొడవు రకాల పిల్లలు ఒక్కోటి ఒక్కో తీరున ఉంటాయి. ఒకే చెట్టు కాయలు నాటి, ఒకే ఎరువు వేసి, ఒకే కాలవ నీళ్లు పెట్టినా ఒక చెట్టు విరగకాసి పక్కది పిందెలు రాల్చుకుంటూ నిలబడితే, లోపం తన సేద్యంలోనే ఉందని రైతు కుమిలిపోనక్కర్లేదు.

హైబ్రిడ్ పుట్టింది ఈ తండ్రిని మన చేతిలోకి తెచ్చుకోడానికే. 1932లో ఇప్పటి కేరళలోని నీలేశ్వరంలో జె.ఎస్. పటేల్ అనే శాస్త్రవేత్త పొడవు చెట్టు ఆడపూలకు పొట్టి చెట్టు పుప్పొడి అందించి మొక్కలు తీశారు. కొబ్బరిలో సంకర తేజం, అంటే రెండు రకాలు కలిసి పుట్టిన మొక్క తల్లిదండ్రులను మించి పెరిగే గుణం, ఉందని లోకానికి తెలిసింది అక్కడి నుంచే. తర్వాత ఐవరీ కోస్ట్‌లో మలయన్ పసుపు పొట్టి రకాన్ని వెస్ట్ ఆఫ్రికన్ పొడవు రకంతో కలిపి పీబీ 121 తీశారు, దాన్నే మావా అని కూడా అంటారు, అది చాలా దేశాలకు వెళ్లింది. మన గోదావరి గంగ కూడా ఈస్ట్ కోస్ట్ టాల్ అనే పొడవు రకానికీ గంగబొండాం అనే పొట్టి రకానికీ పుట్టిందే. ఈ పని ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. మగపూలు విచ్చకముందే కత్తిరించేయాలి, గుత్తికి సంచి కట్టాలి, ఆరబెట్టి దాచుకున్న తండ్రి పుప్పొడిని టాల్కం పొడిలో కలిపి ఆడపూలు సిద్ధంగా ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే చల్లాలి, ప్రతి గుత్తికీ మనిషి చెట్టెక్కాలి, ఆపైన కాయ ముదరడానికి ఏడాది దాకా ఆగాలి. మంచి హైబ్రిడ్ మొక్కలు ఎప్పుడూ చాలకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ఇంత కష్టపడి తీసిన హైబ్రిడ్ చెట్టు కాపుకొచ్చాక, దాని కాయల్నే పాతి మొక్కలు చేసి "ఇవీ హైబ్రిడ్డే" అని ఇచ్చుకోవడం మామూలైపోయింది. అవి హైబ్రిడ్ కావు. తల్లిదండ్రుల జన్యువులు ఆ తరంలో మళ్లీ విడిపోయి కొత్తగా కలుస్తాయి, పైగా తండ్రి మళ్లీ దారిన పోయే పుప్పొడే. కొన్ని బాగుంటాయి, కొన్ని ఉండవు, ఏది ఏదో తెలియడానికి ఐదారేళ్లు పడుతుంది. వరిలో అయితే తప్పు ఒక పంటతో పోతుంది, మరుసటి కారుకు విత్తనం మార్చుకోవచ్చు. కొబ్బరిలో ఆ వెసులుబాటు లేదు.

తండ్రి ప్రభావం మొక్కలోనే కాదు, మనం పగలగొట్టే కాయలోని కొబ్బరిలో కూడా ఉంటుంది. కొబ్బరి నీళ్లూ, తెల్లటి కొబ్బరీ పిండానికి ఆహారంగా తయారయ్యే కణజాలం. అందులో తల్లివి రెండు పాళ్లు, తండ్రిది ఒక పాలు, అంటే ఒక్కో కణంలో 48 క్రోమోజోములు. ఇది కంటికి కనిపించే చోటు ఫిలిప్పీన్స్‌లోని మకపునో అనే కొబ్బరి. దాని లోపల గట్టి కొబ్బరికి బదులు మెత్తటి జున్నులాంటి గుజ్జు ఉంటుంది, అక్కడ దానికి మంచి గిరాకీ. ఆ గుణం అంతర్గతమైనది, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందితేనే బయటపడుతుంది. అలాంటి కాయ పాతితే మొలవదు, ఎందుకంటే పిండం బాగానే ఉన్నా ఆ గుజ్జు దాన్ని పోషించలేదు. 1960లలో ఎమెరీటా డి గుజ్మాన్ అనే అక్కడి శాస్త్రవేత్త ఆ పిండాన్ని బయటికి తీసి ప్రయోగశాలలో పోషక ద్రావణం మీద పెంచి మొక్కల్ని చేసి చూపించారు. ఆ మొక్కలు పెద్దవై కాయలన్నీ మకపునోలే కాయాలంటే మాత్రం చుట్టుపక్కల మామూలు కొబ్బరి చెట్లు ఉండకూడదు. మామూలు పుప్పొడి వచ్చి పడితే ఆ కాయ మామూలుదే అవుతుంది. తల్లి ఎంత గొప్పదైనా తండ్రి మారితే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇక ఇప్పుడు అందరూ అడిగేది టిష్యూ కల్చర్ సంగతి, అంటే మొక్క కణజాలాన్ని ప్రయోగశాలలో పెంచి దానికి నకలు మొక్కలు తీయడం. అరటికి వచ్చినట్టు కొబ్బరికీ వస్తే ఈ తండ్రి గొడవే ఉండదు కదా అని. నిజమే, కానీ కొబ్బరి ఈ విషయంలో చాలా మొండిది. దానికి పిలకలు రావు, కొమ్మలు రావు, అంటు కట్టే వీల్లేదు. చెట్టుకు పెరిగే మొవ్వ ఒక్కటే, అది తీస్తే చెట్టు పోతుంది. కొబ్బరి నీళ్లను 1941లో వాన్ ఓవర్‌బీక్ అనే శాస్త్రవేత్త ఉమ్మెత్త పిండాలు పెంచడానికి వాడారు, 1950లలో స్టీవార్డ్ అనే మరో శాస్త్రవేత్త క్యారట్ కణాలు పెంచడానికి వాడారు, అప్పటినుంచి ఎన్నో మొక్కల కణాలు ఆ నీళ్లలో పెరిగాయి, అదే కొబ్బరి కణాలు మాత్రం దశాబ్దాల పాటు శాస్త్రవేత్తల ఓపికను పరీక్షిస్తున్నాయి. 2021లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు హార్మోన్ సాయంతో ప్రయోగశాలలో పెంచిన లేత మొలక మొవ్వ ఒక్కదాని నుంచి పక్క మొలకలు రప్పించి వాటిని పెంచగలిగారు, అతిశీతలంలో భద్రపరచగలిగారు కూడా. చాలా పెద్ద ముందడుగు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని పత్రికలు వివరంగా రాయాలి. ఇప్పటిదాకా బాగా పనిచేసిన పద్ధతులు ఎక్కువగా కాయలోని పిండం నుంచో, పిండంలోని మొలక మొన నుంచో మొదలయ్యేవి. పిండం అంటే అప్పుడే తల్లీ తండ్రీ కలిసి పుట్టిన కొత్త ప్రాణి, అది కాస్తుందో కాయదో ఇంకా ఎవరికీ తెలియదు. దాన్ని వెయ్యి కాపీలు తీస్తే వెయ్యీ ఒకేలా ఉంటాయి, అంతే, మంచివని హామీ లేదు. మనకు కావాల్సింది పదేళ్లు చూసి ఎంచుకున్న కాపు చెట్టుకు నకలు. అది లేత పూగుత్తి కణజాలం నుంచి తీయాలి, అది ఇంకా కష్టం.

పోనీ అదీ సాధించాం అనుకుందాం, అప్పుడు కూడా తొందర పనికిరాదు. దగ్గరి చుట్టమైన ఆయిల్ పామ్‌లో 1980ల నాటికే క్లోన్ మొక్కలు, అంటే టిష్యూ కల్చర్‌లో తీసిన నకళ్లు, తోటల్లోకి వచ్చాయి. వాటిలో కొన్ని కాపుకొచ్చాక పూలు వికృతంగా తయారై కాయలు సరిగా నిండలేదు. దీన్ని మాంటిల్డ్ లోపం అంటారు. డీఎన్ఏ అక్షరాలు మారలేదు, జన్యువులు ఎప్పుడు పనిచేయాలో నియంత్రించడానికి వాటి మీద ఉండే మిథైల్ అనే రసాయన గుర్తులు, శాస్త్రవేత్తలు 'కర్మ' అని పేరు పెట్టిన ఒక డీఎన్ఏ భాగంలో చెరిగిపోయాయి, కల్చర్‌లో జరిగిన మార్పు అది. కారణం తేలింది 2015లో. అంటే ముందు నాటినవాళ్లు నష్టపోయిన చాలా ఏళ్లకు. కొబ్బరి క్లోన్లు కూడా తోటల్లో కాసి చూపించాకే పెద్ద ఎత్తున పంచాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఈలోగా చేతిలో ఉన్న సాధనాలు తక్కువేం కాదు. తల్లి పసుపు లేదా నారింజ రంగు పొట్టి రకం, తండ్రి పొడవు రకం అయినప్పుడు నారుమడిలోనే ఆకు కాడ రంగు చూసి పోల్చవచ్చు. కాడ తల్లి రంగులోనే ఉంటే అది తల్లి స్వయంగా కన్నది, ఆకుపచ్చకో గోధుమ రంగుకో తిరిగితే బయటి తండ్రి కలిశాడన్నట్టు. తల్లి ఆకుపచ్చదైతే ఈ పరీక్ష పనికిరాదు, అలాంటి చోట డీఎన్ఏ మార్కర్లు, అంటే తల్లిదండ్రులను పోల్చిచెప్పే డీఎన్ఏ ఆనవాళ్లు, కావాలి. అవి వాడటానికి కావాల్సిన పునాది పడింది, 2017లో చైనాలోని హైనాన్ పొడవు రకం జన్యుక్రమం ముసాయిదా వచ్చింది, 2021లో పొట్టి పొడవుల తేడా గిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్ తయారీకి సంబంధించిన ఒక జన్యువు దగ్గర ఉందని కూడా కనుక్కున్నారు. పొట్టి వరి రకాల్లో మారింది కూడా ఆ కుటుంబపు జన్యువే.

తండ్రిని సరిచూసుకోవడం ఎంత అవసరమో జమైకాను చూస్తే తెలుస్తుంది. ఆకులు పసుపెక్కి చెట్టునే చంపేసే లీథల్ ఎల్లోయింగ్ తెగులు పొడవు చెట్లను తుడిచిపెట్టేశాక అక్కడ మలయన్ పొట్టి, పనామా పొడవు కలిపి మేపాన్ అనే హైబ్రిడ్ తెచ్చి నాటారు. కొంతకాలం బాగానే నిలిచింది, 1990ల చివర నుంచి అవి కూడా పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. తండ్రి వైపు పనామా చెట్లలో వేరే రకం కలిసిపోయిందేమో అని చివరికి డీఎన్ఏ పరీక్షలు చేసి చూడాల్సి వచ్చింది. ఆ పరీక్ష మొక్కలు పంచకముందు చేయడం ఎంత మేలు!

అందుకని మిమ్మల్ని కోరేది ఇది. కొబ్బరి రకాల గురించి రాసినప్పుడల్లా తల్లి పేరు పక్కన తండ్రి పేరు కూడా వేయండి. ప్రభుత్వ నారుమడి అయినా ప్రైవేటుది అయినా మొక్కకు కట్టే చీటీ మీద తల్లి, తండ్రి, పుప్పొడి చేత్తో అందించారా గాలికి వదిలేశారా అన్న మూడు సంగతులూ ఉండాలని మీ పత్రిక పట్టుబట్టాలి. ఎవరైనా టిష్యూ కల్చర్ కొబ్బరి అని అమ్మజూపితే, పిండం నుంచి తీశారా, కాసే చెట్టు పూగుత్తి నుంచి తీశారా, ఆ పద్ధతిలో తీసిన చెట్లు ఎక్కడైనా కాపు మీద ఉన్నాయా చూపించండి అని అడగమని రైతులకు చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు