రైతు దండులోకి వెళ్లిన యూదు పెద్ద

సంపాదకులకు,

1525 నాటి జర్మన్ రైతు తిరుగుబాటుకు 500 ఏళ్లు నిండాయని వచ్చిన వ్యాసాల్లో రైతుల గోడు, ప్రభువుల క్రూరత్వం, చర్చి సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ ఆ రైతులకు అడ్డం తిరగడం అన్నీ ఉన్నాయి. ఆ అల్లర్లలో అల్సాస్ (నేటి ఫ్రాన్స్ తూర్పు అంచు ప్రాంతం) యూదులు ఎలా గట్టెక్కారన్నది మాత్రం లేదు. అది వదిలేయదగ్గ విషయం కాదు.

ఆ వసంతంలో ఎరాస్మస్ గెర్బర్ వెంట రైతులు ఆల్టోర్ఫ్ మఠంలో దండు దిగారు. స్ట్రాస్‌బర్గ్ నుంచి కాపిటో, బుత్సర్, జెల్ అనే సంస్కరణవాద బోధకులు వెళ్లి, ఇళ్లకు పొమ్మని బతిమాలినా రైతులు వినలేదు. అదే మఠానికి యూదుల పెద్ద, రోషైమ్ యోజెల్ కూడా వెళ్లాడు. తిరుగుబాటు మానమని ఆయన అడగలేదు. మా వాళ్ల జోలికి రావొద్దని మాత్రమే, లేఖనాల ఆధారంగా అడిగాడు. నాయకులు ఒప్పుకుని అభయపత్రాలు రాయించి ఇచ్చారు. నోటిమాట పక్క ఊరి దండు దగ్గర చెల్లదు, కాగితమైతే చూపించుకోవచ్చు. ఆ మాట చివరిదాకా నిలవలేదని, అయినా ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికిందని యోజెలే జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మే నెలలో సవేర్న్ దగ్గర లొరేన్ ప్రభువు సైన్యం రైతులను వేలల్లో ఊచకోత కోసింది.

స్ట్రాస్‌బర్గ్‌లో అప్పట్లో యూదులు రాత్రి ఉండకూడదు. పొద్దుగూకగానే పెద్ద చర్చి పైనుంచి కొమ్ము ఊదేవారు, అది వినబడితే ఊరు దాటాల్సిందే. అలాంటి ఊళ్లోనే యోజెల్ పగటిపూట కాపిటో ప్రసంగాలు వినేవాడు, సంగతి మతవిశ్వాసంలోకి మళ్లితే లేచి వచ్చేసేవాడు. సాక్సనీ పాలకుడు యూదులను వెళ్లగొట్టి, తన సీమ గుండా నడవడం కూడా నిషేధించినప్పుడు, 1537లో లూథర్‌కు యోజెల్ తరఫున సిఫారసు ఉత్తరం రాసిచ్చింది ఈ కాపిటోనే. సాయం చేయడానికి లూథర్ కాదన్నాడు.

అందుకే సంస్కరణవాదులందరినీ ఒకే గాటన కట్టడం సరికాదు. యూదులను హీనమైన పనులకే పరిమితం చేయాలని 1538లో జర్మన్ సీమ హెస్సె ప్రభువుకు సలహా ఇచ్చిన వారిలో బుత్సర్ ఉన్నాడు. మరుసటి ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్‌లో, 1510లో బెర్లిన్‌లో కాల్చి చంపిన 38 మంది యూదులు నిర్దోషులని పాలకుల ఎదుట బయటపెట్టినవాడు మెలాంక్థన్. ఆయన లూథర్‌కు అత్యంత సన్నిహితుడు! ఆ తర్వాతే బెర్లిన్ ఉన్న బ్రాండెన్‌బర్గ్ సీమలో యూదులకు మళ్లీ దారి తెరుచుకుంది. 1543లో లూథర్ యూదు వ్యతిరేక రచనలను స్ట్రాస్‌బర్గ్‌లో అచ్చు వేయనివ్వొద్దని యోజెల్ అర్జీ పెడితే, యూదులను రాత్రి నిలవనివ్వని ఆ నగర మండలే సరేనంది.

ఈసారి ఆ తిరుగుబాటు గురించి రాసేటప్పుడు ఆల్టోర్ఫ్ మఠానికి వెళ్లిన ఈ నాలుగో మనిషి పేరు కూడా వేయండి.

- ఒక చరిత్ర అధ్యాపకుడు, వరంగల్