అర్థం కానప్పుడు తల ఊపకు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్మలును ఆశీర్వదించి నాన్న వ్రాయునది.

నువ్వు లా చదువుకు వెళ్ళి నెల కావస్తోంది. మాస్టారు బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పినంతసేపూ పెదవులు కనబడక నీకేమీ అందలేదనీ, అయినా ఆయన అర్థమైందా అని అడిగేసరికి అందరితోపాటు నువ్వూ తల ఊపేశాననీ మొన్న రాశావు. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఆ తల ఊపడం నీకు నేర్పినవాణ్ణి నేనే.

చెవులు వినబడని పిల్లకు సైగలు అలవాటైతే మాట రాదని ఎవరో పెద్దమనిషి చెబితే నమ్మి, నువ్వు చేత్తో ఏదైనా చూపించబోయినప్పుడల్లా ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించేవాణ్ణి. అద్దం ముందు కూర్చోబెట్టి ‘పాప’, ‘మామ’ అని వందసార్లు పలికించేవాణ్ణి. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒక్కలాగే కనిపిస్తాయనీ, గొంతులోనూ ముక్కులోనూ ఉన్న తేడా కంటికి అందదనీ నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. మామ వచ్చాడని మీ అమ్మ చెబితే నువ్వు ఎదురింటి పాప కోసం గుమ్మంలోకి పరుగెత్తావు. మేము నవ్వాము, ఎందుకో తెలియకుండానే నువ్వూ నవ్వావు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ కలగలుపు. ఎదుటివాళ్ళ పెదవుల మీద ఏ భాష నడుస్తోందో ముందు పోల్చుకుని, ఆ తరువాత మాటను పోల్చుకోవలసిన చాకిరీ మన ఇంట్లో నీ ఒక్కదానికే ఉండేది.

ఏటా ఆగస్టు 29న నీకు గిడుగు వారి కథ చెప్పేవాణ్ణి. మన ఊళ్ళో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గూడేలకు కాలినడకన తిరిగి, మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల చెవులు పోగొట్టుకుని కూడా, 1931లో సవర వ్యాకరణాన్నీ 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువునూ అచ్చులో చూసుకున్నారు కదా, నీకేం తక్కువ అనేవాణ్ణి. అది సరైన పోలిక కాదమ్మా. చెవులు పోయేనాటికే ఆయనలో భాషలు నిండి ఉన్నాయి. ఆ కథలో పాఠం ఏదైనా ఉంటే అది నాకే: సవరల కోసం ఆయన సవర నేర్చుకున్నారు, కన్న కూతురి కోసం నేను ఒక్క సైగ నేర్చుకోలేదు.

2023 సెప్టెంబరులో వినికిడి లేని న్యాయవాది సారా సన్నీ సంజ్ఞా భాషా అనువాదకుడి సాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్న వార్తను కత్తిరించి బీరువా తలుపుకు అంటించావు, అది ఇంకా అక్కడే ఉంది. అనువాదకుడు కావాలని ఆమె తరఫున అడిగారు కనుకనే కోర్టు అనుమతించింది. నువ్వూ అడుగు. పాఠం నోట్సు ముందుగా ఇమ్మని, మాట్లాడేటప్పుడు నీ వైపు తిరగమని, వీలైతే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయమని కాగితం మీద రాసి ఇయ్యి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం విద్యాసంస్థలను ఇలాంటి వెసులుబాట్లు కల్పించమంటోంది. సెక్షన్లు నాకంటే నీకే బాగా తెలుసు. మాస్టారు విసుక్కుంటే విసుక్కోనీ.

ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వారి నిఘంటువులో 2021 నాటికే పదివేల పదాలు ఉన్నాయి. రాత్రి భోజనాలయ్యాక మీ అమ్మా నేనూ ఫోనులో ఆ వీడియోలు పెట్టుకుని రోజుకు ఐదేసి నేర్చుకుంటున్నాము. మీ అమ్మకు చప్పున పట్టుబడుతున్నాయి గాని, నా వేళ్ళు ఇంకా వంగడం లేదు. వచ్చే ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడు ఫోనును కాస్త దూరంగా, నీ రెండు చేతులూ కనిపించేలా పెట్టు.

నీ నాన్న