పల్లాకు తెగులుకు మందెక్కడిది?

సంపాదకుల వారికి నమస్కారం.

వరి మాగాణుల్లో మినుము పల్లాకు తెగులు సోకి పసుపెక్కిపోతున్నదని ఏటా మీ వ్యవసాయ పేజీలో వార్తలు చూస్తున్నాను. 'వైరస్ ఆకును తినేస్తోంది' అని వాటిలో రాస్తున్నారు. వైరస్ ఆకును తినదు, ఆకు కణం చేతనే తన పని చేయించుకుంటుంది. చాదస్తంగా తోచినా, రైతు దుకాణంలో పెట్టే డబ్బు ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

పల్లాకు తెగులు వైరస్ జన్యుసామగ్రి అంతా రెండు డీఎన్ఏ వలయాలు, ఒక్కొక్కటి సుమారు 2,700 జన్యు అక్షరాల (బేస్‌ల) పొడవు. డీఎన్ఏకు నకళ్లు తీసే ఎంజైము దానికి సొంతంగా లేదు. ముదిరిన ఆకు కణాలేమో విభజన మానుకొని, అలాంటి ఎంజైములను తయారుచేసే జన్యువులను మూసి ఉంచుతాయి. తెల్లదోమ రసం పీల్చేటప్పుడు లోపలికి చేరే ఈ కుటుంబపు వైరస్‌లు 'రెప్' అనే ప్రొటీన్‌ను తయారు చేయించుకొని, ఆ జన్యువులకు కాపలా ఉన్న మొక్క ప్రొటీన్‌ను పట్టేస్తాయి; దాంతో మూతపడిన జన్యువులు తిరిగి తెరుచుకొని, వైరస్ డీఎన్ఏకు కణమే నకళ్లు తీయడం మొదలుపెడుతుంది. మొక్క కూడా ఊరుకోదు. వైరస్ డీఎన్ఏ నుంచి తయారయ్యే ఆర్ఎన్ఏను 21 నుంచి 24 అక్షరాల ముక్కలుగా నరికి, ఆ ముక్కల ఆనవాలుతో మిగిలినదాన్నీ వెతికి పట్టుకుంటుంది. ఈ రక్షణను దెబ్బతీయడానికి వైరస్ వద్ద ఏసీ2 అనే మరో ప్రొటీన్ ఉంది.

ఈ పెనుగులాటలో పత్రహరితం జన్యువులకు ఏమవుతుందో తెలిపే ఉదాహరణ ఒకటి 2011లో వెలువడింది. దోస మొజాయిక్ వైరస్‌ను అంటిపెట్టుకొని ఉండే ఒక చిన్న ఆర్ఎన్ఏను పొగాకు మొక్క నరికినప్పుడు, ఆ ముక్కల్లో ఒకటి, పత్రహరితంలో మెగ్నీషియాన్ని చేర్చే ఎంజైముకు చెందిన జన్యు సందేశంతో జత కుదిరి, మొక్క తన సందేశాన్ని తానే నరుక్కొనేట్లు చేసింది. ఆకు పసుపెక్కింది. మినుములోనూ అచ్చంగా ఇదే జరుగుతుందని నేను అనడం లేదు. కాని జన్యువు పని ఆగినచోట మెగ్నీషియం పిచికారీ చేస్తే ఏం లాభం?

గత రబీలో మా బంధువొకరికి ఒక దుకాణదారు శిలీంద్రనాశినినీ సూక్ష్మపోషకాలనూ కలిపి 'వైరస్ మందు' అని అంటగట్టి, పది రోజుల్లో చేను పచ్చబడుతుందని మాట కూడా ఇచ్చాడు. పచ్చబడలేదు. తెగులు సోకిన మొక్కను బాగుచేసే మందేదీ లేదు. పీయూ 31, టీబీజీ 104 వంటి తట్టుకునే రకాలు వేయడం, తెల్లదోమ తొలిదశలోనే చేరకుండా విత్తనశుద్ధి చేయడం, పసుపు జిగురు అట్టలు పెట్టడం, తెగులు మొక్క కనబడగానే పీకేయడం వంటివే రైతు చేతిలో ఉన్నవి. పసుపెక్కిన చేల ఫోటోలు జనవరిలో వేసే బదులు, ఈ వివరాలను వరికోతలకు ముందే, రైతు మినుము విత్తనం కొనే నాటికే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి.