బోర్డు ఒక్కటే కొంటే సర్వర్ కాదు

సంపాదకులకు నమస్కారం.

మన శ్రీకాకుళం జిల్లాలో ఊరి గ్రంథాలయానికో, చదువుకున్న బడికో కంప్యూటర్ కొనిచ్చే దాతలు, పూర్వ విద్యార్థులు చాలామంది ఉన్నారు. వారు అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై వంటి సింగిల్ బోర్డు కంప్యూటర్‌ను (భాగాలన్నీ ఒకే పలక మీద ఉండేది) సర్వర్‌గా, అంటే చుట్టూ ఉన్న ఫోన్లకూ కంప్యూటర్లకూ సమాచారం అందించే యంత్రంగా, పెట్టించే సంగతి కూడా ఆలోచించాలనీ, అయితే బోర్డు ధర ఒక్కటే చూసి అంచనా వేయవద్దనీ కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను టెక్కలి దగ్గర ఒక పల్లెలో ఉంటున్న విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి. మా గ్రంథాలయంలో ఇటువంటి సర్వర్ రెండేళ్లుగా పనిచేస్తున్నది. మొదటి ఆరు నెలల్లోనే అది రెండుసార్లు పాడైంది; ఆ అనుభవమే ఈ ఉత్తరానికి కారణం.

పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే ఉద్దేశంతో 2012లో ఇంగ్లండులో మొదలైన ఈ బోర్డు, 2019లో నాలుగో తరం వచ్చేసరికి నాలుగు కోర్ల 64 బిట్ ప్రాసెసర్‌తో, గిగాబిట్ నెట్‌వర్క్‌తో ఒక చిన్న సంస్థ అవసరాలకు సరిపోయే స్థాయికి చేరింది. మేము దాని మీద మూడు అప్లికేషన్లు నడుపుతున్నాము: పుస్తకాల జాబితా, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకొనే రిజిస్టరు, కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా తెలుగు వికీపీడియా. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు గ్రంథాలయం వైఫైకి ఫోను కలిపి, డేటా ఖర్చు లేకుండా, ఇంటర్నెట్ లేని రోజున కూడా వీటిని చూసుకుంటారు. సగటున 5 వాట్లు వాడుతుందనుకుంటే, రాత్రింబవళ్లు నడిచినా ముప్పై రోజుల నెలకు 3.6 యూనిట్లే అవుతుంది.

ఇంటర్నెట్ లేని రోజు అన్నది మా ప్రాంతానికి ఊహ కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలిపోయాయి. కరెంటు, ఫోన్ సిగ్నల్ లేక ఎన్నో ఊళ్లు రోజుల తరబడి అల్లాడాయి. ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లోని సమాచారం అటువంటప్పుడు అందదు. ఊళ్లోనే ఉన్న బోర్డునూ రౌటర్‌నూ 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ మీద, దాన్ని సగానికి మించి ఖాళీ చేయకుండానే, మూడు నాలుగు గంటలు నడపవచ్చు.

ఇక పొరపాట్ల సంగతి. మొదట మేము అన్నీ మెమరీ కార్డు మీదే పెట్టాము. ఫోటోలు దాచుకోవడానికి బాగా పనికివచ్చే ఆ కార్డు, డేటాబేసూ లాగ్ ఫైళ్లూ గంటకు వందలసార్లు రాస్తుంటే త్వరగా అరిగిపోతుంది. పైగా రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైల్ వ్యవస్థే చెడిపోవచ్చు. మాకు ఈ రెండో కష్టమే వచ్చి, నాలుగు నెలల రిజిస్టరు పోయింది. ఆ వివరాలను పాత కాగితాల నుంచి మళ్లీ ఎక్కించిన పిల్లల ఓపికకు నేను రుణపడి ఉన్నాను. తరువాత యూఎస్‌బీ ద్వారా ఎస్‌ఎస్‌డీ (మెమరీ కార్డు కంటే ఎక్కువ రాతలను తట్టుకొనే డిస్కు) తగిలించి, బోర్డు దాని నుంచే మొదలయ్యేలా చేశాము. కరెంటు పోయిన కాసేపటికి బోర్డు తనంతట తాను పద్ధతిగా ఆగిపోయేలా చిన్న యూపీఎస్ కూడా పెట్టాము.

రెండోసారి తప్పు ఫోన్ ఛార్జరుది. నాలుగో తరం బోర్డుకు 5.1 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు నికరంగా కావాలి. సన్నటి తీగ గల ఛార్జరుతో నడిపితే, పని పెరిగినప్పుడు వోల్టేజీ పడిపోయి, బోర్డు వేగం తగ్గడం, డిస్కు ఊడిపోయినట్టు కనబడడం, కారణం తెలియకుండా మళ్లీ మొదలవడం వంటివి జరుగుతాయి. మేము వారం రోజులు సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతికాము. తీగలో వోల్టేజీ తగ్గుదలను ముప్పై ఏళ్లు పాఠంగా చెప్పిన నాకు అది వెంటనే తట్టకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంది.

ఎవరూ ముందుగా చెప్పని మరొక విషయం గడియారం. నాలుగో తరం బోర్డులో బ్యాటరీ గడియారం లేదు; అది ఇంటర్నెట్ నుంచే సమయం తెలుసుకుంటుంది. కరెంటు వచ్చి ఇంటర్నెట్ రాకపోతే, ఆగిపోయిన నాటి తేదీ దగ్గరే మొదలై, నేడు ఇచ్చిన పుస్తకానికి మొన్నటి తేదీ వేస్తుంది. బటన్ బ్యాటరీతో పనిచేసే డీఎస్ 3231 అనే చిన్న గడియారం మాడ్యూల్‌తో ఈ లోపం తీరింది. ఐదో తరం బోర్డులో గడియారం ఉన్నది గాని, దానికీ బ్యాటరీ విడిగా కొనాలి.

మామూలు డెస్క్‌టాప్ కోసం తయారుచేసిన ప్రోగ్రామ్ ఫైలు, ఈ బోర్డులో ఉండే ఏఆర్ఎం అనే వేరే రకం ప్రాసెసర్ మీద నేరుగా నడవదు కాబట్టి, అప్లికేషన్ ఎంచుకునే ముందే ఆ ప్రాసెసర్‌కు తగిన కూర్పు ఉన్నదో లేదో చూసుకోవాలి. బయటి ఊళ్ల వారికి కూడా సర్వర్ అందుబాటులో ఉండాలని కొందరు అడుగుతారు. గ్రంథాలయానికి ఆ అవసరం లేదని నా అభిప్రాయం. ఇంటర్నెట్‌కు తెరిచిన సర్వర్‌కు నిత్యం కాపలా కావాలి, మన పల్లెల్లో ఆ పని చేసేవారు దొరకరు.

కాబట్టి దాతలకూ, అంచనాలు తయారుచేసే అధికారులకూ నా విన్నపం ఇది. బోర్డుతో పాటు సరైన పవర్ సప్లై, ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్, గడియారం బ్యాటరీ, ప్రతి రాత్రి సర్వర్‌లోని సమాచారానికి నకలు తీయడానికి మరొక డిస్కు, వీటన్నిటినీ ఒకే అంచనాలో చేర్చండి. ఆ నకలు నుంచి సర్వర్‌ను తిరిగి నిలబెట్టడం ఊళ్లో కనీసం ఇద్దరికి, తమ చేతులతో చేయించి, నేర్పించండి. మా గ్రంథాలయంలో ఏ ఆదివారం వచ్చినా ఆ పని మొత్తం చేసి చూపించడానికి మా పిల్లలు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
టెక్కలి మండలం, శ్రీకాకుళం జిల్లా